ఓబులేసు బండి, తొమ్మిది కిలోల దూది

ఓబులేసు తన మోటారు సైకిలును అమ్మకానికి పెట్టి పదకొండు రోజులైంది. ఎనిమిది మంది వచ్చి చూశారు. ఎనిమిది మందీ ధర అడిగారు, విన్నారు, ఒక్కడు తప్ప అందరూ సీటు మీద ఒకసారి చెయ్యి వేసి "సరేలేప్పా, చెప్తాం" అని వెళ్ళిపోయారు. ఒక్కరూ తిరిగి రాలేదు.

ఆదివారం లోపల బండి పోవాలి. మైదుకూరు బస్టాండు పక్క సందులో ఓబులేసు భార్య సుంకమ్మ ఒక గది చూసి పెట్టుకుంది, టిఫిన్ అంగడి పెట్టడానికి. గది ఆయన అడ్వాన్సు యాభై వేలు అడిగాడు. ఆమె కూడబెట్టింది పద్నాలుగు వేలు. తక్కిన ముప్పై ఆరు బండి మీద రావాలి. ఆదివారం సాయంత్రం దాకా చూస్తానన్నాడు గది ఆయన. ఆ తర్వాత సెల్‌ఫోన్ అంగడి వాళ్ళకు ఇచ్చేస్తాడు.

ఓబులేసుది చీరల వ్యాపారం. చుట్టుపక్కల పల్లెల్లో ఇరవై ఏళ్ళు చీరలు తిప్పాడు. చాలా ఏళ్ళు సైకిలు మీద, ఆరేళ్ళుగా ఈ బండి మీద. సైకిలు మీద పోయినప్పుడు అందరూ "చీరలోడొచ్చినాడు" అనేవాళ్ళు. బండి మీద పోవడం మొదలైనాక "ఓబులేసన్నొచ్చినాడు" అన్నారు. ఇప్పుడు ఆడవాళ్ళు ఫోన్లో చూసి చీరలు తెప్పించుకుంటున్నారు. బేరం సగానికి పడిపోయింది. ఇద్దరం కలిసి దోసెలు పోసుకుంటే నయమని మొగుడూ పెళ్ళామూ అనుకున్నారు.

బండికి అతను చెప్తున్న ధర అరవై ఐదు వేలు.

"కొన్నదెంతకు?" అని అడిగాడు టీ అంగడి సుబ్బరాయుడు. బండి అమ్మబడును అనే అట్టముక్క అతని అంగడి ముందరే వేలాడుతోంది.

"అరవై ఎనిమిది."

"ఆరేళ్ళు తిరిగి మూడు వేలు తగ్గించినావా. ధర్మప్రభువు నువ్వు."

"అదే బండి కొత్తదిప్పుడు లక్షబ్బా. టైర్లు కొత్తవి. బ్యాటరీ కొత్తది. వెనకాల మూటలు పెట్టుకునేదానికి స్టాండు వేయించినా, దానికే మూడు వేలైంది."

"కొనేవాడు చీరలమ్ముతాడా?"

ఓబులేసు గ్లాసు బల్ల మీద పెట్టి లేచిపోయాడు.

అతని నోటి అలవాటు అట్లాంటిది. చీరల బేరంలో ఆడవాళ్ళు ఎంత చెప్పినా సగానికి అడుగుతారు. అందుకని రెట్టింపు చెప్పాలి. వెయ్యి చెప్పి, అయిదు నూర్లకు అడిగించుకుని, నెత్తీ నోరూ కొట్టుకుని ఆరు నూర్లకు ఇస్తే ఇద్దరికీ సంతోషం. బండి కొనేవాళ్ళు కూడా అట్లే అడుగుతారని అతను కాచుకుని కూర్చున్నాడు. వాళ్ళు అడగలేదు. అరవై ఐదు అని వినంగానే వాళ్ళ కళ్ళు బండి మీద నుంచి దారి మీదికి పోయేవి.

ఒక్క కరెంటు లైన్‌మ్యాను మాత్రం అడిగాడు. "ముప్పై ఐదుకిస్తావా అన్నా?"

ఓబులేసుకు చెంప మీద కొట్టినట్టయింది. "ముప్పై ఐదుకు చక్రాలొస్తాయి."

"చక్రాలకే అడిగినాలే. పైదంతా నువ్వే పెట్టుకో" అని లైన్‌మ్యాను నవ్వుకుంటా పోయాడు.

ఆ మాట విన్నాక సుంకమ్మ ఊరుకోలేదు. పిండి రుబ్బుతా అంది, "ఎనిమిది మంది వచ్చిరి. ఎనిమిది మందికీ కండ్లు లేవు, నీకొక్కడికే ఉండాయా? తాత కాడికి పో. నా మాట ఎట్లా వినవు."

తాత అంటే పక్కీరయ్య తాత. దూదేకుల ఆయన. బద్వేలు రోడ్డులో రేకుల షెడ్డు వేసుకుని పరుపులు కుడతాడు. గురువారం సాయంత్రం షెడ్డు వెనక చిన్న దర్గాలో సాంబ్రాణి వేసి కూర్చుంటాడు. అన్ని కులాల వాళ్ళూ వచ్చి ఆయన చుట్టూ కూర్చుంటారు. ఆయన ఉపదేశం చేయగా విన్నవాళ్ళు లేరు. ఎవరన్నా సందేహమని పోతే చేతికి పని ఇస్తాడు. "ఆ దూదిలో గింజలు ఏరు" అంటాడు. ఏరుతా ఉంటే కొందరికి జవాబు దొరుకుతుంది, కొందరికి గింజలు దొరుకుతాయి.

ఓబులేసు పన్నెండేళ్ళుగా ఆయన శిష్యుడు. అందరిలోకీ తానే ముందు అర్థం చేసుకుంటాడని అతనికి లోపల్లోపల ఒక నమ్మకం ఉంది.

గురువారం మధ్యాహ్నమే పోయాడు. గది సంగతి, ఆదివారం సంగతి, ఎనిమిది మంది సంగతి అన్నీ చెప్పి, "బండికి ఎంత చెప్పమంటావు తాతా?" అని అడిగాడు.

తాత సూదిలోకి దారం ఎక్కిస్తున్నాడు. "మీ ఇంట్లో పరుపుందా?"

"ఉంది."

"ఎన్నాళ్ళది?"

"పెండ్లప్పటిది. పద్నాలుగేండ్లు."

"తీసుకురా పో."

ఓబులేసు ఇంటికి పోయి పరుపు చుట్టి, బండి వెనక స్టాండు మీద కట్టుకుని తెచ్చాడు. తాత కుట్లు తెంపి, గుడ్డ తీసేసి, దూదంతా కాటా మీద పెట్టాడు.

"ఎంతుంది?"

"పన్నెండు కిలోలు."

"దీన్ని నేను కొంటాననుకో. పాత దూది కిలో అరవై. నాకెంతకిస్తావు?"

"వెయ్యి" అని వచ్చేసింది ఓబులేసు నోటి నుంచి. తాత మొహం చూసి సర్దుకున్నాడు. "నీకు కాబట్టి ఏడు నూర్ల ఇరవై."

"సరే."

తాత దూది ఏకే మిషన్ వేశాడు. గడ్డలు కట్టిన దూదిని పిడికిలి పిడికిలిగా అందులోకి తోశాడు. ఇవతల నుంచి తెల్లగా, పొంగుతా వచ్చింది. కింద నుంచి దుమ్ము రాలింది. షెడ్డంతా పొగలాగా కమ్ముకుంది. ఓబులేసు తువ్వాలు ముక్కుకు కట్టుకుని చూస్తా కూర్చున్నాడు. ఒక గడ్డ రాయిలాగా ఉండి మిషన్‌లోకి పోలేదు. అది ఏ మూలదో అతనికి తెలుసు. చిన్నకూతురు మూడేళ్ళ దాకా పక్క తడిపేది.

మిషన్ ఆపి, తాత దూదిని మళ్ళీ కాటా మీద పెట్టాడు. తొమ్మిది కిలోలు.

"మూడు కిలోలు ఏమైపోయినాయి తాతా?"

తాత మిషన్ కింద చీపురు వేసి ఊడ్చాడు. మట్టి, గింజల చెత్త, జుట్టు, ఒక తలపిన్ను. అంతా ఒక సంచిలోకి ఎత్తి, మూతి ముడివేసి, ఓబులేసు ఒళ్ళో పెట్టాడు.

"ఇదిగో. మీ పద్నాలుగేండ్లు."

ఓబులేసు సంచి వైపు చూశాడు. బరువుగానే ఉంది.

"చెడ్డదేం కాదు" అన్నాడు తాత. "మీ ఇంటిది. నాకు అమ్మొద్దు, అంతే."

ఆ సాయంత్రం ఓబులేసు దర్గా దగ్గర కూర్చోలేదు. ఇంటికొచ్చి బండి ముందర చతికిలబడ్డాడు. మూటల స్టాండు చూశాడు. ఓబులేసన్నా అని పిలిచిన పల్లెలన్నీ గుర్తొచ్చాయి. అరవై ఐదులో ఆ పిలుపు ఎంతో, ఇనుము ఎంతో లెక్క వేసుకున్నాడు. సిగ్గేసింది. తర్వాత తేలికైంది. తేలికైనాక కొంచెం గర్వమేసింది. తాత చెప్పకుండానే చెప్పింది తనకు పట్టుబడింది కదా అని.

శుక్రవారం పొద్దున్నే టీ అంగడికి పోయి పాత అట్టముక్క పీకేశాడు. కొత్త అట్టముక్క మీద పెద్ద అంకెలతో ఇరవై ఎనిమిది వేలు అని రాశాడు.

సుబ్బరాయుడు పాల గిన్నె దించి చూశాడు. "ఏందప్పా, నిన్న అరవై ఐదు, ఈ పొద్దు ఇరవై ఎనిమిది. బండికి జబ్బేమన్నా చేసిందా?"

"ఆశ చచ్చిపోయింది సుబ్బరాయుడూ."

"నీకు చస్తే చచ్చింది. కొనేవానికి అనుమానం పుట్టదా? ఏ యాక్సిడెంటు బండో అనుకుంటారు."

"అనుకోనీ."

అట్టముక్క అక్కడ కట్టే ముందు తాతకు ఒకసారి చూపించాలనిపించింది. చంకలో పెట్టుకుని బద్వేలు రోడ్డుకు పోయాడు. సుంకమ్మకు చెప్పలేదు. అమ్మినాక చెప్పొచ్చులే అనుకున్నాడు.

తాత కొత్త గుడ్డ సంచి కుట్టి పెట్టుకుని, అందులోకి ఓబులేసు వాళ్ళ దూది నింపబోతున్నాడు.

"ఏంది చంకలో?"

"చూడు తాతా." ఓబులేసు అట్టముక్క రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. "దుమ్మంతా దులిపేసినా. ఆశ అనేది లేకుండా చేసుకున్యా."

తాత అంకెలు చదివాడు.  దూది ఇంకొకసారి కాటా మీద పెట్టాడు. ముల్లు తొమ్మిది దగ్గర నిలబడింది. రెండు చేతులా కౌగిలెడు దూది తీసి, పక్కన ఇంకెవరిదో పరుపు కోసం పోసిన కుప్పలో వేశాడు. ఇంకొక కౌగిలెడు తీసి వేశాడు. ముల్లు ఏడుకు దిగింది. ఆ ఏడు కిలోలనూ సంచిలోకి తోయడం మొదలుపెట్టాడు.

"తాతా, అది మాది."

"మీదే."

"మరి తీసేస్తివే?"

"ఆశ లేదంటివే."

"నాకేం కాదు తాతా, నేను బండల మీదైనా పడుకుంటా. సుంకమ్మకు నడుం నొప్పి. పరుపు పలచనైతే నేల తగుల్తుంది."

తాత చేతులు ఆగాయి. "ఎవరికి తగుల్తుంది?"

ఓబులేసు అట్టముక్క మీది అంకెల వైపు చూశాడు.  ఇరవై ఎనిమిదీ పద్నాలుగూ నలభై రెండు. గదికి ఎనిమిది వేలు తక్కువ. రాత్రంతా ఎన్ని లెక్కలు వేసుకున్నాడో గాని ఈ లెక్క వేయలేదు. ఆమెను అడగనూ లేదు. చేతుల్లో అట్టముక్క ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

తాత అతని మొహం చూడలేదు. సంచిలో దూది బయటికి తీశాడు. కుప్పలోది వెనక్కి తెచ్చాడు. కొంచెం కొంచెంగా కాటా మీద వేస్తా పోయాడు. ముల్లు తొమ్మిది దగ్గరికి వచ్చి, ఒక గీత దాటింది. తాత వంగి, రెండు వేళ్ళతో చిటికెడు దూది తీసి కుప్పలో వేశాడు. ముల్లు తొమ్మిది మీద నిలబడింది.

"ఆదివారం రా. కుట్టి పెడతా" అన్నాడు.

శనివారం ఓబులేసు ప్రొద్దుటూరు పోయాడు. అక్కడ ఒక వీధంతా పాత బండ్లు అమ్మే అంగళ్ళు. అమ్మడానికని చెప్పలేదు, కొనడానికి వచ్చానన్నాడు. తన బండి లాంటిదే, అదే సంవత్సరంది, మూడు దొరికాయి. ఒకదానికి నలభై ఏడు చెప్పారు, ఒకదానికి నలభై ఐదు, ఇంకొకదానికి నలభై రెండు. ఓబులేసు చైను లాగి చూశాడు. ఇంజను కింద వేలు పెట్టి నూనె కారుతోందా చూశాడు. ఇన్సూరెన్సు కాగితం తేదీ చూశాడు. "సీటు కవరు కొత్తది సార్" అని అంగడివాడు అంటే, "కవరు మీద తిరుగుతామా" అన్నాడు. అని, తనలో తాను నవ్వుకున్నాడు.

పక్క అంగడిలో ఒక బేరం తెగేదాకా నిలబడి చూశాడు. నలభై ఐదు చెప్పిన బండి నలభైకి పోయింది. అది తన బండి కంటే తక్కువ తిరిగింది.

తిరిగొచ్చి, అవే కళ్ళతో తన బండిని చూశాడు. రెండో గేరు గట్టిగా పడుతుంది. ఎడమ అద్దం కంపెనీది కాదు. ఇన్సూరెన్సు ఇంకా రెండు నెలలే ఉంది. కాని ఇంజను మెత్తగా ఉంది, ఒక్క చుక్క కూడా నూనె కారదు, కాగితాలన్నీ తన పేరు మీదే ఉన్నాయి. మెకానిక్ దగ్గరికి పోయి మూటల స్టాండు తీయించేశాడు. స్టాండు లేకపోతే బండి ఎవరిదైనా బండిలాగే కనిపించింది.

"నలభై ఒకటి చెప్తా. ముప్పై ఎనిమిదికి తక్కువ ఇయ్యను" అన్నాడు సుంకమ్మతో. శుక్రవారం అట్టముక్క సంగతి కూడా చెప్పేశాడు.

ఆమె గరిటె కింద పెట్టింది. "ఇరవై ఎనిమిదా? నన్నడగకుండా?"

"తప్పే."

"తప్పంటే అట్లా ఇట్లా తప్పా?" అని, ఇంకేదో అనబోయి మానుకుంది. "పోనీలే. పదమూడు రోజులకు నీ నోట్లో నుంచి ఈ పొద్దు ధర విన్యా. ఇన్నాళ్ళూ కథ విన్యా."

ఆదివారం పొద్దున, టీ అంగడి ముందర ధర రాయకుండా కట్టిన ఇంకొక అట్టముక్క చూసి ముగ్గురు ఇంటికి వచ్చారు. మొదటి ఇద్దరూ చూసి, ఆలోచించుకుంటామన్నారు. మూడో మనిషి పాలకేంద్రంలో పనిచేసే నాగమునెయ్య. బండి చుట్టూ రెండు సార్లు తిరిగాడు.

"ఎంత?"

"నలభై ఒకటి."

ఇదివరకైతే ఆ మాట వెనకాలే టైర్ల సంగతి, బ్యాటరీ సంగతి, కొత్తది లక్ష సంగతి వచ్చేవి. ఈసారి ఓబులేసు ముందర రెండో గేరు సంగతి చెప్పాడు. అద్దం చూపించాడు. ఇన్సూరెన్సు కాగితం చేతికిచ్చాడు. తాళం చేతికిచ్చి, "తిప్పుకుని రా పోన్నా" అన్నాడు.

నాగమునెయ్య బైపాసు దాకా పోయి వచ్చాడు. "ముప్పై మూడు."

"లేదన్నా."

కోపం రాలేదు. చెంప మీద కొట్టినట్టు కూడా లేదు. అది అతని ధర, ఇది తన ధర.

"ముప్పై ఆరు. ఇదే ఆఖరు."

ముప్పై ఆరు. గదికి కావాల్సింది సరిగ్గా అంతే. తలుపు చాటున సుంకమ్మ గాజులు చప్పుడయ్యాయి. పదకొండు గంటలైంది. సాయంత్రం దాకా ఇంకెవరు వస్తారో, రారో. ఓబులేసు నోట్లో "సరే" అనే మాట దాదాపు వచ్చేసింది. కాని ముప్పై ఆరు గది ధర. బండి ధర కాదు.

"ప్రొద్దుటూరులో నిన్న ఇట్లాంటిదే నలభైకి పోయిందన్నా, నా కండ్ల ముందరే. దానికంటే నాది ఎక్కువ తిరిగింది, కాదనను. అందుకే తగ్గుతా. అంత తగ్గను."

నాగమునెయ్య వాకిలి దాకా పోయాడు. అక్కడ నిలబడి ఎవరికో ఫోన్ చేశాడు. ఓబులేసు పిలవలేదు. లోపల గాజులు కూడా ఊరికే ఉన్నాయి.

ఫోన్ జేబులో పెట్టుకుని వెనక్కి వచ్చాడు. "ముప్పై తొమ్మిది. మా ఆవిడ కూడా సరేనంది. కాగితాలు ఎప్పుడిస్తావు?"

"ఇప్పుడే."

పత్రాల మీద సంతకాలు పెట్టుకున్నారు. ఏ రోజు, ఏ గంటకు బండి చేతులు మారిందో ఒక కాగితం మీద రాసుకుని ఇద్దరూ చెరొకటి పెట్టుకున్నారు. నాగమునెయ్య కిక్కు కొట్టాడు. రెండో గేరు గట్టిగా పడిన చప్పుడు సందు మలుపు దాకా వినిపించింది. సుంకమ్మ నోట్ల కట్ట కొంగులో కట్టుకుని, చెప్పులేసుకుని, గది ఆయన ఇంటికి పోయింది. మొగుణ్ణి తోడు రమ్మనలేదు.

సాయంత్రం ఓబులేసు షెడ్డుకు నడిచిపోయాడు. తాత దర్గా ముందర చాప పరుచుకుని కూర్చున్నాడు. కుట్టిన పరుపు గోడకు ఆనించి ఉంది.

"నడిచొచ్చినావే."

"బండి పోయింది తాతా."

"గది?"

"తాళం చెవి సుంకమ్మ దగ్గరుంది."

"బండి ఎంతకు పోయింది?"

"ముప్పై తొమ్మిది."

తాత తల ఎత్తి చూశాడు. "ఎక్కువొచ్చిందా, తక్కువొచ్చిందా?"

ఓబులేసు ఆలోచించాడు. ఎక్కువని చెప్పబోయాడు, ముప్పై ఆరు కంటే ఎక్కువే కదా. తక్కువని చెప్పబోయాడు, నలభై ఒకటి కంటే తక్కువే కదా.

"ముప్పై తొమ్మిది వచ్చింది, తాతా."

తాత పక్కకు జరిగి చాప మీద చోటు ఇచ్చాడు.